హౌసింగ్ మోత: నోరు మూయించడమా, జబ్బు కుదర్చడమా?

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో ఒక విశ్రాంత గ్యారేజి ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోను చేసి, "ఈసారి పింఛను లెక్కలూ, మోకాళ్ళ నొప్పులూ కాకుండా నీ గ్యారేజి సంగతి ఏదైనా చెప్పు" అన్నారు. నేను చదువుకున్నది తక్కువ. శ్రామిక్‌గా చేరి, మెకానిక్‌నై, లీడింగ్ హెడ్‌గా దిగిపోయాను. ముప్ఫై నాలుగేళ్ళు బస్సుల కింద పడుకున్నవాడికి బండి అడుగు తప్ప ఏం తెలుస్తుంది? అంచేత వెనక డిఫరెన్షియల్ మోత గురించి నాలుగు మాటలు చెబుతాను. మన డ్రైవరు సోదరులు లాగ్‌షీటులో "హౌసింగ్ సౌండ్" అని రాసి సంతకం పెట్టేవారే, అదే జబ్బు. ఇందులో నా తప్పు కూడా ఒకటి ఉంది. అది దాచి చెబితే మిగతాదానికి విలువ ఉండదు.

మా అక్క కొడుకుది కడియం దగ్గర పల్లెటూరు. ఆ చుట్టుపక్కల నర్సరీల సంగతి మీకు తెలిసిందే. మావాడు బ్యాంకు అప్పు మీద ఒక పికప్ బండి కొనుక్కుని మొక్కలు బయటి ఊళ్ళకు తోలుతున్నాడు. బండి తిరిగిన నెల వాయిదా కడతాడు, తిరగని నెల నాకు ఫోను చేస్తాడు. 2022 ఏప్రిల్‌లో బండి వేసుకుని మా ఇంటికి వచ్చాడు. "మావయ్యా, వెనకాల ఊఁ అని ఒకటే మోత. ఒక్కసారి విని చెప్పు" అన్నాడు.

నేను దర్జాగా ముందు సీట్లో కూర్చుని వేమగిరి దాకా వెళ్ళి వచ్చాను. బండి ఖాళీ. కిటికీ తెరిచి ఉంది. హైవే మీద లారీల రొద. వెనక టైర్లు కొత్తగా వేయించాడు, గట్టి గళ్ళ టైర్లు. నాకు వినిపించినదంతా ఆ టైర్ల గోలే. "ఏం లేదురా, టైర్లు అరిగే కొద్దీ తగ్గుతుంది, పో" అన్నాను. లీడింగ్ హెడ్ మావయ్య చెప్పాక ఇంక తిరుగేముంది? వాడు వెళ్ళిపోయాడు.

జూలైలో వానలు పడ్డాయి. మొక్కలు నాటే రోజులు, బండికి చేతినిండా పని. అప్పుడు మళ్ళీ ఫోను. మోత పెరిగింది, హౌసింగ్ ముందు భాగం నూనెతో తడిసిపోతోంది. ఒక వర్క్‌షాపులో చూపిస్తే క్రౌన్, పినియన్ సెట్టుతో సహా మొత్తం మార్చాలన్నారట. వాళ్ళు చెప్పిన అంచనా వాడి నాలుగు నెలల వాయిదాలకు సమానం. టీ కొట్టు దగ్గర ఇంకో పెద్దమనిషి, "అంత ఖర్చెందుకు, గుప్పెడు రంపపు పొట్టు వేసి చిక్కటి నూనె పోయి, నోరు మూసుకుంటుంది" అని సలహా చెప్పాడట.

ముందు ఆ రంపపు పొట్టు సంగతి తేల్చేస్తాను. ఇది చాలా పాత మోసం. కొందరు అరటి తొక్కలు కూడా వేస్తారు. పాత బండి అమ్మేటప్పుడు పది రోజులు చప్పుడు కాకుండా ఉండడానికి చేసే పని. పొట్టు పళ్ళ మధ్య మెత్తలాగా పడి మోత తగ్గిస్తుంది. నూనె పీల్చుకుంటుంది, బేరింగులకు నూనె వెళ్ళే దారి కూడా మూస్తుంది. లోపల బేరింగు ఎండిపోయి మాడుతుంది. మీ పిల్లలు పాత పికప్ కొనేటప్పుడు హౌసింగ్ నూనె పోసే మూత విప్పించి, వేలు పెట్టి చూడమనండి. నూనె నూనెలా ఉండాలి గాని పిండిలా ఉండకూడదు.

ఇంట్లో వాళ్ళ కోసం ఈ హౌసింగ్‌లో ఏముంటుందో రెండు మాటలు. గుడి చుట్టూ ఇద్దరు చేయీ చేయీ పట్టుకుని ప్రదక్షిణం చేస్తే, బయటి వైపున్న మనిషి ఎక్కువ దూరం నడవాలి. బండి మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రాలదీ అదే పరిస్థితి. బయటి చక్రం ఎక్కువ, లోపలి చక్రం తక్కువ తిరగడానికి వీలు కల్పించేదే డిఫరెన్షియల్. దీనికి ఫ్రాన్సు దేశంలో పెకర్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు. గేరుబాక్సు నుంచి పొడుగ్గా వచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు చివర చిన్న పినియన్ ఉంటుంది. అది పెద్ద క్రౌన్ వీల్‌ను తిప్పుతుంది. క్రౌన్‌కు 41 పళ్ళు, పినియన్‌కు 10 పళ్ళు ఉన్నాయనుకోండి. చక్రం ఒకసారి తిరిగితే పినియన్ నాలుగుసార్ల పైచిలుకు తిరుగుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఇలాంటి పికప్ చక్రం సెకనుకు దాదాపు 5 చుట్లు, పినియన్ 20 చుట్లు తిరుగుతాయి. పళ్ళు సెకనుకు 200 సార్లు ఒకదానితో ఒకటి కలుస్తాయి.

ఈ లెక్క ఎందుకు చెప్పానంటే, మోత రకం ఇందులోనే ఉంది. పళ్ళ తేడా అయితే సన్నాయి శ్రుతి పట్టినట్టు ఒకే రాగంగా ఊఁ అంటుంది. బేరింగు తేడా అయితే తిరగలి విసిరినట్టు గరగరమంటుంది. పినియన్ బేరింగు గరగర వేగంగా ఉంటుంది, ఎందుకంటే అది చక్రానికి నాలుగింతల వేగంతో తిరుగుతోంది. క్రౌన్ పక్కన ఉండే బేరింగులైతే చక్రంతో పాటే నెమ్మదిగా, బొంగురుగా మోగుతాయి. పన్ను విరిగితే లెక్క తప్పకుండా టక్, టక్ మంటుంది. మలుపులోనే మోత వస్తే లోపలి చిన్న గేర్లను గాని, హబ్ బేరింగును గాని అనుమానించాలి.

ఈసారి వాడితో పాటు వాడి భార్య కూడా వచ్చింది. దారి పొడుగునా ఆ అమ్మాయి బండిలో కూర్చుని వచ్చింది. నేను అడగకుండానే చెప్పింది. "మావయ్యగారూ, ఈయన కాలు నొక్కితే ఏడుస్తోంది, కాలు తీస్తే గొణుగుతోంది. సిమెంటు రోడ్డు మీదా అంతే, తారు రోడ్డు మీదా అంతే."

నాకు తల తిరిగినంత పనైంది. గ్యారేజిలో కొత్తగా చేరిన శ్రామిక్‌కు నేను మొదట నేర్పిన పాఠమే అది. టైరు మోత రోడ్డును బట్టి మారుతుంది, యాక్సిలరేటరును బట్టి మారదు. డిఫరెన్షియల్ మోత కాలును బట్టి మారుతుంది, రోడ్డును బట్టి మారదు. ఆ అమ్మాయి ఏ గ్యారేజీలోనూ పనిచెయ్యలేదు. జాగ్రత్తగా విన్నది, అంతే. ఏప్రిల్‌లో నేను విన్నానన్న మాటే గాని, వినలేదు.

మళ్ళీ బండి ఎక్కాను. ఈసారి చెవి పని ఆ అమ్మాయిదే, ప్రశ్నలు అడగడం నా పని. ఎవరికైనా పనికొస్తుంది గనక ఆ వరస చెబుతాను.

మొదట టైర్లలో గాలి సరిచూశాం. వెనక రెండు టైర్లూ ఒకే కొలతవా కాదా అన్నది చూశాం. ఒకటి అరిగి, ఒకటి కొత్తదైతే తిన్నగా వెళ్ళేటప్పుడు కూడా డిఫరెన్షియల్ మలుపు తిరుగుతున్నట్టే పనిచేస్తుంది. ఇక్కడ రెండూ సరిగానే ఉన్నాయి.

రెండోది, బండి నిలబెట్టి న్యూట్రల్‌లో ఇంజను రేజు చేశాం. మోత లేదు. అంటే ఇంజనుది కాదు.

మూడోది, ఖాళీగా తిన్నగా ఉన్న రోడ్డు మీద 60 వేగంలో నాలుగు రకాలుగా నడిపించాను. కాలు నొక్కి ఒకసారి, కాలు పూర్తిగా తీసి ఒకసారి, వేగం పెరగకుండా తరగకుండా సమంగా పట్టుకుని ఒకసారి, న్యూట్రల్‌లో కాసేపు వదిలి ఒకసారి. న్యూట్రల్‌లో వదిలినప్పుడు ఇంజను మాత్రం ఆపకూడదు. ఆపితే బ్రేకు గట్టిపడుతుంది, స్టీరింగు బిగిసిపోతుంది. మా బండి న్యూట్రల్‌లో కూడా గొణుగుతూనే ఉంది, వేగం తగ్గే కొద్దీ ఆ గొణుగుడు కూడా నెమ్మదించింది. అంటే గేరుబాక్సు వెనకాల తిరిగే వస్తువే.

నాలుగోది, మెల్లగా ఎడమకూ కుడికీ ఊపుతూ నడిపించాను. హబ్ బేరింగు అయితే ఒక పక్కకు ఒరిగినప్పుడు పెరిగి, రెండో పక్కకు ఒరిగినప్పుడు తగ్గుతుంది. ఇక్కడ తేడా లేదు.

ఐదోది, బండి కదిలేటప్పుడు టక్కుమంటోందా అని అడిగాను. లేదంది. షాఫ్టు జాయింటు క్రాసులు పట్టి తిప్పి చూస్తే అవీ గట్టిగానే ఉన్నాయి.

తర్వాత తెలిసిన వాళ్ళ షెడ్డులో ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనక యాక్సిల్ కింద రెండు వైపులా స్టాండ్లు వేశాం. జాకీ మీద నమ్మకం పెట్టుకుని ఎవరూ కిందకు దూరకండి. ఒక్క చక్రమే లేపి గేరు వేయడం అంతకంటే ప్రమాదం. రెండోది నేల మీదుంటే బండి దూకుతుంది. లుంగీ, మెడలో తువ్వాలు తీసేసి మరీ దగ్గరకు వెళ్ళాలి. తిరిగే షాఫ్టు చుట్టుకుందంటే మనిషిని వదలదు. కుర్రాడు గేరులో మెల్లగా తిప్పుతుంటే నేను పొడుగాటి స్క్రూడ్రైవరు మొన హౌసింగ్ మీద ఆనించి, పిడి చెవి దగ్గర ఎముకకు ఆనించాను. అలా పెడితే మిగతా రొదంతా పోయి, మొన ఆనిన చోటి చప్పుడే తెలుస్తుంది. క్రౌన్ పక్క బేరింగుల దగ్గర నునుపుగా ఉంది. పినియన్ ముక్కు దగ్గర తిరగలి గరగర. అంత స్పష్టంగా విని ఎన్నాళ్ళయిందో!

ఇంజను ఆపి, షాఫ్టు విప్పి, పినియన్ ఫ్లాంజి పట్టి కిందకూ పైకీ ఊపాను. చేతికి తెలిసేంత ఆట ఉంది. అక్కడ ఆట అన్నది ఉండనే కూడదు. నూనె దింపితే ఉండాల్సిన దానిలో సగమే వచ్చింది. అయస్కాంతం మూతకు బూడిదరంగు ముద్ద పట్టింది. అది కొంచెం ఉండడం మామూలే. కాని ఇందులో చేతికి గుచ్చుకునే సన్నటి రేకులు కూడా ఉన్నాయి. పన్ను ముక్కలు మాత్రం లేవు. అది మా అదృష్టం.

సరే, బేరింగు పోయింది. ఎందుకు పోయింది? నూనె తగ్గి. నూనె ఎందుకు తగ్గింది? సీలు కారి. సీలు అప్పటికి రెండుసార్లు మార్పించాడు. కొత్త సీలు ఎందుకు కారింది? ఇక్కడే చాలామంది ఆగిపోతారు. హౌసింగ్ పైన బ్రీదర్ అని చిన్న గొట్టంలాంటిది ఉంటుంది. నూనె వేడెక్కితే లోపలి గాలి పెరిగి దాంట్లోంచి బయటకు పోవాలి. మావాడు నర్సరీ మట్టిలో, బురదలో తిరిగే మనిషి. బ్రీదర్ మట్టి పట్టి రాయిలా మూసుకుపోయింది. పోయే దారి లేక లోపలి గాలి, నూనెను సీలు పెదవిలోంచి నెట్టేస్తోంది. ఎన్ని సీళ్ళు మార్చినా అంతే. పైగా సీలు మార్చినప్పుడల్లా పినియన్ నట్టు విప్పి, గుర్తు పెట్టుకోకుండా అందాజుగా బిగించారు. ఆ నట్టు బిగువు మీదే బేరింగు ప్రాణం ఆధారపడి ఉంటుంది.

క్రౌన్, పినియన్ మార్చాలా వద్దా అన్నదే అసలు ఖర్చు ప్రశ్న. విప్పకముందే డయల్ గేజి పెట్టి పళ్ళ మధ్య సందు కొలిచి రాసుకున్నాం. బండి తయారీదారు పుస్తకంలో ఎంత ఉండాలో ఉంటుంది. చాలా బండ్లలో మిల్లీమీటరులో ఐదో వంతుకు అటూ ఇటూ. బేరింగు టోపీలకు ఎడమ, కుడి గుర్తులు పెట్టాం. పళ్ళు తుడిచి టార్చిలైటు వేసి చూశాం. గుంటలు లేవు, అంచులు చెదరలేదు, నీలంగా మాడిన మచ్చ లేదు. కాబట్టి ఉంచేద్దామన్నాను. క్రౌనూ పినియనూ ఫ్యాక్టరీలో జంటగా నూరి అమర్చినవి. మారిస్తే రెండూ మార్చాలి, ఉంచితే రెండూ ఉంచాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది వేస్తే జన్మలో మోత మానదు.

పినియన్ బేరింగులు రెండూ, ఎలాగూ విప్పాం గనక పక్క బేరింగులు రెండూ, సీలు, కొత్త నట్టు వేయించాం. పినియన్ బిగువు చూడడానికి ఫ్లాంజికి దారం చుట్టి స్ప్రింగు త్రాసుతో లాగాం. ఎంత బలానికి కదులుతుందో అదే లెక్క. తర్వాత పళ్ళకు రంగు పూసి తిప్పి ముద్ర చూశాం. ముద్ర పన్ను మధ్యలో పడాలి. పన్ను పైఅంచున పడితే పినియన్ దూరంగా ఉన్నట్టు, షిమ్ముతో లోపలికి జరపాలి. పన్ను మొదట్లో పడితే మరీ దగ్గరైనట్టు, వెనక్కు తేవాలి. పాత పళ్ళు ఒకదానికొకటి అలవాటు పడిపోయి ఉంటాయి గనక, అంతకుముందు కొలిచి రాసుకున్న సందుకే తెచ్చి నిలబెట్టాం. అలవాటు తప్పించి కొత్త చోట కూర్చోబెడితే పాత గేర్లు కొత్తగా ఏడుస్తాయి. మనకూ అంతే గదా, పడక చోటు మారితే నిద్ర పట్టదు.

నూనె విషయంలో ఒక మాట. ఈ గేర్లను హైపాయిడ్ అంటారు. పినియన్ క్రౌన్‌కు నడుమ కాక కొంచెం కిందగా ఉంటుంది. 1926లో అమెరికాలో ప్యాకర్డ్ కార్లలో ఈ పద్ధతి వచ్చింది. దీనివల్ల షాఫ్టు కిందకు దిగుతుంది, చప్పుడు తగ్గుతుంది. కాని పళ్ళు ఒకదాని మీద ఒకటి జారుతూ రాసుకుంటాయి. ఆ రాపిడికి మామూలు ఇంజను నూనె ఆగదు. పుస్తకంలో చెప్పిన హైపాయిడ్ గేరు నూనె, సాధారణంగా జి.ఎల్.-5 రకం, 90 గాని 80డబ్ల్యు-90 గాని పోయాలి. నేల చదునుగా ఉన్నచోట బండి నిలబెట్టి, పోసే రంధ్రం కింది పెదవి దాకా రానిచ్చి ఆపాలి. చివరగా బ్రీదర్ విప్పి, కడిగి, ఊది చూసి బిగించాం. రెండుసార్లు సీళ్ళు మార్పించిన జబ్బుకు అసలు మందు ఆ పది నిమిషాల పని.

మొత్తం ఖర్చు మొదట చెప్పిన అంచనాలో మూడో వంతు లోపే అయింది. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు బరువు తగ్గించి తోలమన్నాను. తర్వాత నూనె దింపి మళ్ళీ పోశాం. గరగర పూర్తిగా పోయింది. ఊఁ అన్న రాగం మాత్రం 55, 60 మధ్య సన్నగా మిగిలింది. నూనె తగ్గిన నెలల్లో పళ్ళు కొంచెం అరిగాయి. "మావయ్యా, అది కూడా తీసెయ్యలేవా?" అన్నాడు. "తీయొచ్చు, కొత్త సెట్టు వేస్తే. పెరగనంత కాలం దాని జోలికి పోకు. పెరిగితే ఆ రోజే రా" అన్నాను. ఇప్పటికీ ఆ పళ్ళతోనే తిరుగుతున్నాడు.

ఏప్రిల్‌లోనే నేను సరిగ్గా విని ఉంటే ఒక లీటరు నూనె, బ్రీదర్ శుభ్రం చేయడంతో పోయేదేమో. బేరింగులూ, ఆ పళ్ళ అరుగుదలా నా ఖాతాలోవే. బేరింగుల డబ్బు నేనే ఇచ్చాను. వాడు వద్దన్నాడు, నేను వినలేదు. అది మాత్రం కావాలనే వినలేదు.

తర్వాత మా ఆవిడ పోరితే చెవుల డాక్టరు దగ్గరకు వెళ్ళాను. గాజు గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశారు. ఏళ్ళ తరబడి సుత్తి దెబ్బలు, ఎయిర్ గన్ను, ఇంజను రొద మధ్య బతికిన చెవులు గదా, సన్నటి శబ్దాలు చాలా పోయాయన్నారు. నాకు చప్పుడు వినపడుతుంది. రొద మధ్యలోంచి ఒక్క చప్పుడును ఏరుకోలేను. పెళ్ళి పందిట్లో మాటలన్నీ వినిపిస్తాయి గాని ఎవరేమన్నారో తెలియదు. మీలో ఎంతమందికి ఇలా ఉందో చేతులెత్తమంటే సగం మంది ఎత్తరు, ఎందుకంటే నా ప్రశ్నే వినపడి ఉండదు. (నవ్వులు) గ్యారేజీలో పనిచేసిన సోదరులు మొహమాటపడకుండా ఒకసారి పరీక్ష చేయించుకోండి. నేను ఇప్పుడు మిషను పెట్టుకున్నాను, చూడండి.

ఇంకొక మాట చెప్పి ముగిస్తాను. మన పిల్లలు నడిపే చిన్న కార్లలో చాలావాటికి వెనకాల ఈ హౌసింగ్ ఉండదు. డిఫరెన్షియల్ ముందు గేరుబాక్సులోనే కలిసి ఉంటుంది. పికప్పులూ, సరుకు బండ్లూ నడిపే పిల్లలున్న ఇళ్ళవారు మాత్రం ఈ సంచికను బండి డ్యాష్‌బోర్డులో పడేయండి. బండిలో పక్కన కూర్చునే ఇల్లాలు ఏదైనా చప్పుడు వస్తోందంటే "నీకేం తెలుసు" అనకండి. ఏ వేగంలో, కాలు నొక్కితేనా తీస్తేనా అని అడిగి, ఒక కాగితం మీద రాసుకోండి. ఏ మెకానిక్ దగ్గరకు వెళ్ళినా సగం పని ఆ కాగితమే చేసిపెడుతుంది. మన లాగ్‌షీటు కూడా అందుకే గదా పెట్టింది.

 భోజనాల తర్వాత చెట్టు కింద ఉంటాను. బండి గోల ఏదైనా ఉంటే చెప్పండి, కొంచెం గట్టిగా.